ఎందుకు పట్టేసింది?

"మిగతాదంతా బాగానే వుందండీ, ఇంజనొక్కటే పట్టేసింది" అంటూ ఎవరైనా ఒక యంత్రాన్ని తక్కువ ధరకు ఇవ్వవస్తే, చవగ్గా వస్తోంది కదా అని సంతోషించేముందు అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది. ఎందుకు పట్టేసింది? అమ్మేవాడు సాధారణంగా దీనికి జవాబు చెప్పడు. తెలియక చెప్పకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు. అదృష్టవశాత్తూ ఇంజనుకు ఆ మొహమాటం లేదు. విప్పి చూస్తే తనకు జరిగినదంతా తానే చెబుతుంది. చూడడం తెలియాలి, అంతే.

ఈ వారం మనం చెప్పుకోబోయేది చెట్లు కోసే పెట్రోలు రంపం గురించి. అందరూ చైన్ సా అంటున్నదే. పట్నవాసులకు దీనితో ఏం పని అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ముంచెత్తినప్పుడు, వీధులకు అడ్డంగా పడిన మహావృక్షాలను తీసి దారి చెయ్యడానికి అక్కరకు వచ్చినవి ఈ రంపాలే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరితోటలనూ జీడితోటలనూ నేలమట్టం చేసినప్పుడూ అంతే. ఇలాంటి అవసరానికి కొన్న రంపం, అవసరం తీరాక అటకెక్కుతుంది. టాంకులో పెట్రోలు అలాగే వుంటుంది. రెండు మూడేళ్లకు దింపి తాడు లాగితే కదలదు. అప్పుడది బజారుకు వస్తుంది. కొనేవాడు తోటగల రైతు కావచ్చు, కూలికి చెట్లు కొట్టుకునే మనిషి కావచ్చు. ఈ రెండోవాడికి అది సరదా వస్తువు కాదు, రేపటి కూలి. అందుచేత బేరం చేసేముందే కాస్త తెలుసుకోవడం మంచిది.

పెట్రోల్లో నూనె ఎందుకు?

జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు 1926లో తయారుచేసిన మొదటి రంపం విద్యుత్తుతో నడిచేది. దాని బరువు 64 కిలోలు. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుంటే గాని లేచేది కాదు. ఇవాళ అయిదారు కిలోల రంపాన్ని ఒక్కడే పట్టుకుని, అడ్డంగానూ ఏటవాలుగానూ తిప్పి కోస్తున్నాడంటే కారణం దానిలో వున్న చిన్న టూ-స్ట్రోక్ ఇంజను. మోటారు సైకిల్లోలాగా దీని అడుగున నూనె నిలవవుండే గుంట లేదు. వుంటే రంపాన్ని పక్కకు వాల్చినప్పుడు నూనె ఎటో పోతుంది. అందుకని నూనెను పెట్రోల్లోనే కలిపి పోస్తారు. ఆ పెట్రోలు లోపలికి వెళ్లేటప్పుడు నూనెను కూడా తీసుకువెళ్లి పిస్టనుకూ బేరింగులకూ పూస్తుంది. వేరే దిక్కు లేదు.

రాజ్‌దూత్, జావా, లూనా, పాత చేతక్ నడిపినవారికి ఇది కొత్త సంగతి కాదు. బంకులో పెట్రోలుతోపాటు టూ-టీ ఆయిలు పోయించడం వారికి నిత్యకృత్యం. తరువాత ఫోర్-స్ట్రోక్ బళ్లు వచ్చి ఆ అలవాటును తుడిచిపెట్టాయి. ఇప్పటి కుర్రవాడు వట్టి పెట్రోలు తప్ప ఎరగడు. పైగా ఈ రంపానికి రెండు మూతలుంటాయి. ఒకటి పెట్రోలుది, రెండోది నూనెది. ఆ నూనె ఇంజనుకు కాదు, తిరిగే గొలుసుకు. తెలియనివాడు ఒకదాంట్లో వట్టి పెట్రోలూ, రెండోదాంట్లో ఆయిలూ పోసి, అంతా సక్రమంగా చేశాననుకుంటాడు. "ఆయిలు పొయ్యలేదా?" అని అడిగితే "పోశానండీ!" అంటాడు. అబద్ధం కాదు కూడాను.

అలా పోసిన ఇంజను వెంటనే ఆగదు. కొద్దిసేపు చక్కగానే నడుస్తుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజనులో పిస్టను సెకండుకు 200 సార్లు పైకీ కిందికీ పోతుంది. పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య వుండే సందు మిల్లీమీటరులో కొన్ని నూరోవంతులు మాత్రమే. నూనెపొర లేకపోతే పిస్టను వేడెక్కి వుబ్బుతుంది, గోడను రాసుకుంటుంది, దాని అల్యూమినియం కరిగి గోడకు అంటుకుంటుంది. మెకానిక్కులు "సీజ్ అయింది" అనేది దీన్నే.

డబ్బు ఇచ్చేముందు

తాడు కదలనంతమాత్రాన ఇంజను పట్టేసిందనుకోకూడదు. ముందు చైనూ, చైను తిరిగే బారూ తీసెయ్యండి. తరువాత తాడు వుండే పక్కమూత మరలు విప్పి, మూత తీసి, లోపల వుండే మాగ్నెట్టు చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. అది తిరిగితే ఇంజనుకు ఏమీ కాలేదు, స్టార్టరులో తాడు చిక్కుపడింది. అమ్మేవాడికి అది తెలియకపోతే మీ అదృష్టం పండిందన్నమాట.

చక్రం తిరగకపోతే స్పార్కు ప్లగ్గు విప్పండి. ఒక్కొక్కప్పుడు కార్బొరేటరు కారి పెట్రోలు లోపల నిండిపోతుంది. ద్రవం నలగదు గనక పిస్టను పైకి రాలేదు. ప్లగ్గు తీశాక చక్రం తిప్పితే ఆ పెట్రోలు పైకి చిమ్మి, ఇంజను కదులుతుంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి, మొహం ఆ కన్నానికి ఎదురుగా పెట్టకండి.

అప్పటికీ కదలకపోతే సైలెన్సరు విప్పాలి. రెండు మూడు బోల్టులకన్న ఎక్కువ వుండవు. అది తీస్తే పొగ బయటికి వచ్చే కిటికీ కనబడుతుంది. టార్చిలైటు వేసి చూస్తే ఆ కిటికీలోంచి పిస్టను పక్కభాగం కనిపిస్తుంది. ఇదే ఇంజను జాతకం.

పిస్టను నున్నగా, బూడిదరంగులో, తయారీనాటి సన్నని అడ్డగీతలతో వుంటే మంచిది. పైనుంచి కిందికి నిలువుగీతలు పడివుంటే రాపిడి జరిగిందన్నమాట. గీతలు పొగకిటికీ వైపు మాత్రమే వుంటే సాధారణంగా వేడి ఎక్కువైందని అర్థం. నూనె చాలకపోవడం, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువ కావడం దానికి కారణాలు. నలువైపులా గీతలు పడి, పిస్టను మసకబారి వుంటే నూనె కలపని పెట్రోలు మీద అనుమానం పడాలి. గాలి లోపలికి వచ్చే వైపు గరుకుగా అరిగివుంటే, చిరిగిన ఎయిర్ ఫిల్టరులోంచి రంపపుపొట్టూ దుమ్మూ పోయాయని. గీతలేమీ లేకుండా ఎర్రగా తుప్పు కనిపిస్తే, ఎవరి తప్పూ లేదు, అటక మీది తేమ చేసిన పని.

తుప్పుపట్టి బిగిసినది తరుచుగా బాగవుతుంది. వేడికి పట్టేసినది బాగయ్యేదీ కానిదీ సిలిండరును బట్టి వుంటుంది. బేరింగు విరిగి పట్టేసినదైతే దణ్ణం పెట్టి రావడం మేలు.

మరొక మాట. వేడికి పట్టేసిన ఇంజను చల్లారాక ఒక్కొక్కప్పుడు దానంతటదే వదులుతుంది. "చూశారా, తిరుగుతూనే వుంది" అంటాడు అమ్మేవాడు. స్విచ్చి ఆపి, చైనుకు తొడుగు వేసి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని వేలాడదియ్యండి. లోపల బిగువు వుంటే రంపం ఆగి ఆగి, మెల్లిగా దిగుతుంది. జారిపడ్డట్టు దిగిందంటే రింగులూ పిస్టనూ అయిపోయినట్లే.

విడిపించడం

బిగిసిన ఇంజనుతో బలాబలాలు తేల్చుకోకూడదు. తాడు పట్టుకుని గుంజితే తాడు తెగుతుంది. మాగ్నెట్టు చక్రానికి స్క్రూ డ్రైవరు పెట్టి మీటితే రెక్కలు విరుగుతాయి. ప్లగ్గు కన్నంలో కమ్మీ పెట్టి కొడితే పిస్టను తల పగులుతుంది. చెయ్యవలసిందల్లా సిలిండరులో పల్చని నూనె పోసి ఓపిక పట్టడం. ఇదివరకు ఈ పనికి కిరసనాయిలు వాడేవారు. ఇప్పుడది అన్నిచోట్లా దొరకదు గనక డీజిల్లో కాస్త ఇంజనాయిలు కలిపి ప్లగ్గు కన్నంలోంచీ, పొగకిటికీలోంచీ పొయ్యండి. ఒక రోజో రెండు రోజులో అలా వదిలెయ్యండి. తరువాత చక్రాన్ని చేత్తో పట్టుకుని అటు కొంచెం, ఇటు కొంచెం వూపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు. మళ్లీ నూనె పొయ్యండి, మళ్లీ వూపండి.

కదిలింది కదా అని వెంటనే పెట్రోలు పోసి స్టార్టు చెయ్యకూడదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. తుప్పుపొడి, అల్యూమినియం ముక్కలు లోపలే వున్నాయి. వాటితో నడిపితే మిగిలిన సిలిండరు కూడా పోతుంది. విప్పి చూడక తప్పదు.

విప్పేముందు రంపాన్ని పైనుంచి కిందివరకు డీజిలూ బ్రష్షూ పెట్టి కడగండి. లోపల పడిన ఒక్క ఇసుకరేణువు మీ శ్రమనంతా వృథా చెయ్యగలదు. ఒక్కొక్క భాగం విప్పుతున్నప్పుడు సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంటే, మళ్లీ బిగించేటప్పుడు మరలు మిగిలిపోవు. మంచి రకం రంపాలలో చాలావాటికి సిలిండరును నాలుగు మరలు పట్టివుంచుతాయి. అవి విప్పి పైకి లాగితే సిలిండరు వూడివస్తుంది. వెంటనే కింది పెట్టె మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టను పిన్నుకు రెండుపక్కలా వుండే సన్నని తీగక్లిప్పులు తీసేటప్పుడు ఎగిరి అందులో పడ్డాయంటే, ఇంజనంతా విప్పవలసి వస్తుంది.

ఇప్పుడు కనెక్టింగు రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కాస్త కదిలితే ఫరవాలేదు. పైకీ కిందికీ టకటకమని ఆడితే అడుగు బేరింగు పోయింది. ఇక ఆ రంపం మీద డబ్బు పెట్టవద్దు.

సిలిండరు బతికి వుందా?

పాత స్కూటర్ల సిలిండరు పోత ఇనుముది. గీతలు పడితే లేతు షాపుకు తీసుకుపోయి బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టను వేసేవారు. ఈ రంపాలకు ఆ వైద్యం పనికిరాదు. వీటి సిలిండరు అల్యూమినియంది. లోపలి గోడకు నికెల్ మిశ్రమమో క్రోమియమో అతిపల్చగా, అతిగట్టిగా పూత వేసి వుంటుంది. బోరు చేస్తే ఆ పూతే పోతుంది.

అయితే సంతోషించవలసిన విషయం కూడా ఇక్కడే వుంది. సిలిండరు గోడమీద కనిపించే గీతలు చాలాసార్లు గాట్లు కావు. పిస్టను నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం చారలు. గోటితో గీరి చూడండి. గోరు పైకెక్కితే అంటుకున్నది, గోరు దిగబడితే గాటు. అంటుకున్నదాన్ని తియ్యవచ్చు. బాత్‌రూము కడిగే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆసిడ్, అల్యూమినియాన్ని తింటుంది, మంచి పూతను వెంటనే ఏమీ చెయ్యదు. దూది చుట్టిన పుల్లను అందులో ముంచి చార మీద మాత్రమే అద్దితే నురుగు వస్తుంది. తుడవడం, మళ్లీ అద్దడం. నురుగు రావడం ఆగితే అల్యూమినియం అయిపోయినట్టు. ఎంతసేపు చేసినా ఒకేచోట నురుగు ఆగకపోతే, అక్కడ పూత పోయి సిలిండరు లోహమే కరుగుతున్నదన్నమాట. ఆపెయ్యండి, ఆ సిలిండరు ఇక పనికిరాదు. కిటికీల అంచులకు యాసిడ్ తగలకూడదు, అక్కడ పూత వుండదు.

ఈ పని ఇంట్లో చెయ్యకండి. ఆరుబయట, రబ్బరు తొడుగులూ కళ్లద్దాలూ పెట్టుకుని, పిల్లలను దూరంగా వుంచి చెయ్యాలి. నురుగులో వచ్చేది హైడ్రోజన్, నిప్పు దగ్గర వుండకూడదు. అయ్యాక వంటసోడా కలిపిన నీళ్లతో, తరువాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయాలి. ఈ హంగామా వద్దనుకుంటే మెకానిక్కుకు అప్పగించడంలో చిన్నతనం ఏమీ లేదు.

కొత్త పిస్టను వేసేటప్పుడు నాలుగు విషయాలు మరవకూడదు. దాని తల మీద వుండే బాణంగుర్తు పొగకిటికీ వైపు వుండాలి. రింగు రెండు కొసలూ గాడిలోని చిన్న మేకుకు చెరోపక్కా వచ్చేట్టు కూర్చోవాలి. క్లిప్పులు కొత్తవే వెయ్యాలి, పాతవి పనికిరావు. బిగించేముందు పిస్టనుకూ సిలిండరుకూ బేరింగుకూ టూ-టీ ఆయిలు పుష్కలంగా పట్టించాలి.

అసలు మరమ్మతు

ఇంతవరకు చేసింది మరమ్మతులో సగమే. పిస్టను మార్చగానే రంపం బ్రహ్మాండంగా నడుస్తుంది. వారం తిరక్కుండా మళ్లీ పట్టేస్తుంది. "డూప్లికేటు పిస్టను ఇచ్చాడు" అని దుకాణందారును తిట్టుకుంటాం. పిస్టను మార్చామే గాని అది పోవడానికి కారణాన్ని మార్చలేదు.

కారణం నూనె లేకపోవడమైతే దానికి విరుగుడు సులభం. నూనె కలిపినా పట్టేసిందంటే ఎక్కడో గాలి దొంగదారిన వస్తున్నది. గాలి ఎక్కువైతే పెట్రోలు తగ్గుతుంది, దానితోపాటు నూనే తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. కార్బొరేటరుకూ సిలిండరుకూ మధ్య రబ్బరు గొట్టం బీటలు వారిందేమో వంచి చూడండి. క్రాంకు షాఫ్టుకు రెండుపక్కలా వున్న ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడ్డాయేమో చూడండి. టాంకులోని పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయి వుండవచ్చు. కార్బొరేటరులోని పల్చని రబ్బరుపొర అప్పడంలా బిరుసెక్కి వుండవచ్చు. మంచి మెకానిక్కు ఇంజను కన్నాలన్నీ మూసి, అర బార్ వరకు గాలి కొట్టి, ఆ వొత్తిడి నిలుస్తుందో లేదో చూస్తాడు. సబ్బునీళ్లు రాస్తే కారేచోట బుడగలు వస్తాయి, సైకిలు ట్యూబు పంక్చరు వెతికినట్లే. ఆ పరీక్ష చెయ్యని మెకానిక్కును అడిగి చేయించుకోండి. ఒక సీలు ధర ఎంత, ఒక పిస్టను ధర ఎంత?

పెట్రోలు సంగతి కూడా వుంది. మంచి టూ-టీ ఆయిలైతే సాధారణంగా 50కి 1 పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కొన్ని రంపాలకు, కొన్ని ఆయిళ్లకు 25కి 1, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు చెబుతారు. మీ రంపం పుస్తకం ఏం చెబితే అది. అందాజున పొయ్యవద్దు, మందుసీసా మూతలాంటి కొలత పెట్టుకోండి. ఇప్పుడు మన బంకుల్లో అమ్మే పెట్రోల్లో 20 శాతం వరకు ఇథనాల్ వుంటున్నది. అది తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరు భాగాలకు సరిపడదు. మీ రంపం దాన్ని ఎంతవరకు తట్టుకుంటుందో కూడా పుస్తకంలోనే చూసుకోవాలి. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడకండి. రంపాన్ని అటకెక్కించేముందు టాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేవరకు నడపండి. ఈ ఒక్క పని చేసివుంటే, అటకల మీద బిగుసుకుపోయే రంపాలు చాలావరకు తగ్గేవి.

లెక్కా, ప్రాణమూ

బేరం ఆడేముందు పిస్టను సెట్టు, గాస్కెట్లు, సీళ్లు, కార్బొరేటరు రబ్బర్లు ఎంతవుతాయో దుకాణంలో కనుక్కోండి. అడిగిన ధరకు ఆ ఖర్చు కలిపితే కొత్త రంపం ధరలో సగం దాటకపోతే కొనవచ్చు. సిలిండరు కూడా మార్చవలసి వస్తే తరుచుగా దాటుతుంది. పేరూ వూరూ లేని చవకరకం రంపాలకు విడిభాగాలు చవకే, కాని కొత్తదీ చవకే. వాటిని బాగుచెయ్యడం చెయ్యి తిరగడానికి పనికివస్తుంది గాని డబ్బు మిగలదు.

ఇంజను బాగుపడిన రోజున మనిషికి వుత్సాహం ఎక్కువ. ఆ వుత్సాహంలో లుంగీ ఎగగట్టి, వట్టి కాళ్లతో చెట్టు మీదికి పోయేవారున్నారు. పట్టేసిన రంపం ఎవరినీ ఏమీ చెయ్యదు. నడిచే రంపం చేస్తుంది. కనుక ముందుపిడి దగ్గరి అడ్డను ముందుకు తోస్తే చైను తక్షణం ఆగుతున్నదో లేదో, స్విచ్చి నొక్కగానే ఇంజను ఆగుతున్నదో లేదో చెట్టు దగ్గరికి పోకముందే చూడండి. బారు కొస పైభాగం కొయ్యకు తగిలితే రంపం మొహంమీదికి తన్నుతుంది. ఆ సమయంలో కాపాడేది ఆ బ్రేకొక్కటే. బ్రేకు పనిచెయ్యని రంపం, ఇంజను ఎంత బాగా నడిచినా, ఇంకా బాగుపడలేదనే లెక్క. బూట్లు, దళసరి పంట్లాం, హెల్మెట్టు, కళ్లద్దాలు, చెవులకు అడ్డాలు, వీటి ఖర్చు కూడా రంపం ధరలోనే వేసుకోండి.

ఇక మిగిలింది గొలుసు. అది మొద్దుబారితే కోసేవాడు బలం వుపయోగిస్తాడు, ఇంజను వేడెక్కుతుంది, మళ్లీ మొదటికి వస్తాం. గుండ్రని ఆకురాయితో ఆ పళ్లను ఇంట్లోనే పదును పెట్టుకోవడం ఎలాగో వచ్చేవారం చెప్పుకుందాం.